మూడో వరుసలో తెల్ల తలపాగా

నేను ఇరవై ఎనిమిదేళ్ళు తెలుగు సినిమాలకు విదేశీయులను సరఫరా చేశాను. మనుషుల విషయంలో ఆ మాట వాడకూడదని మా మనవరాలు కోప్పడుతుంది గానీ, ఆఫీసుల్లో అలాగే అనేవారు. గుర్రాలు సరఫరా చేసే ఆయన ఒకరు, పాత కార్లు సరఫరా చేసే ఆయన ఒకరు, ఫారినర్లను సరఫరా చేసే ఆంటీ ఒకామె. ఆ ఆంటీని నేనే.

మాది తెనాలి పక్క ఊరు. మా ఆయన లైట్‌మ్యాన్. పెళ్ళయ్యాక కృష్ణానగర్‌లో ఒక్క గదిలో దిగాం. ఖాళీగా ఉండలేక నేను జూనియర్ ఆర్టిస్టుగా వెళ్ళేదాన్ని. ఆదివారం చర్చిలో పాటలు పాడి, సోమవారం ఫిల్మ్‌నగర్‌లో బొట్టూ గాజులూ పెట్టుకుని పెళ్ళి సీన్లో అక్షింతలు వేసేదాన్ని. ఒకరోజు ఒక సినిమా కంపెనీ వాళ్ళకు బ్రిటిష్ కలెక్టర్ కావాల్సి వచ్చింది. పెట్టుకున్న మనిషి రాలేదు. మా చర్చికి అప్పట్లో ఒక జర్మన్ ఆయన వస్తుండేవాడు. పరుగెత్తుకెళ్ళి ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, గుర్రమంటే చచ్చేంత భయం. అయినా కలెక్టరుగా బాగా కుదిరాడు. అలా మొదలైంది నా ఉద్యోగం.

ప్రపంచంలో ఏ దేశం బలం పెరిగిందో ఏ దేశానిది తగ్గిందో మీరు పేపర్లో చదువుకుంటారు. నాకు మాత్రం కంపెనీల నుంచి వచ్చే ఫోన్లలో తెలిసేది. మొదట్లో అందరికీ తెల్లదొరలే కావాలి, తెల్లదొర చేతిలో కొరడా కావాలి. తర్వాత పాటల కాలం వచ్చింది. మా చిన్నప్పుడు రష్యా నుంచి నున్నటి కాగితాల మీద అచ్చేసిన తెలుగు పుస్తకాలు చౌకగా వచ్చేవి. అవి కూడబలుక్కుంటూనే నేను తెలుగు చదవడం నేర్చుకున్నాను. నేను ఈ పనిలో కుదురుకున్నాక అదే దేశం నుంచి ఆడపిల్లలు హీరో వెనక నాలుగో వరుసలో డాన్సు చేయడానికి వచ్చారు. వాళ్ళకు ఇడ్లీ ఎలా తినాలో చూపిస్తూ, ఆ పుస్తకాల గురించి అడగాలని ఎన్నోసార్లు అనుకుని ఊరుకున్నాను.

ఇంకొన్నేళ్ళకు చైనా విలన్లు కావాలన్నారు. చైనా వాళ్ళు ఎక్కడ దొరుకుతారు? బంజారా హిల్స్ హోటళ్ళలో పనిచేసే మిజోరం పిల్లలను తీసుకెళ్ళేదాన్ని. "ఆంటీ, నేను ఇండియన్‌ని" అని ఒక అబ్బాయి ప్రతిసారీ చెప్పేవాడు. "తెలుసు నాన్నా, సాయంత్రం దాకా ఓర్చుకో" అనేదాన్ని. ఇంతలో అమెరికా వాడి పాత్ర కూడా మారిపోయింది. ఒకప్పుడు మన హీరో వాళ్ళ దేశం వెళ్ళి నోరు తెరుచుకుని చూసేవాడు. ఈమధ్య కథల్లో అమెరికా కంపెనీ ఓనరే జూబ్లీహిల్స్‌కి వచ్చి, హీరో ముందు చేతులు కట్టుకుని సాయం అడుగుతున్నాడు. నాకు లోపల సంతోషంగానే ఉండేది. నిజంగా లోకం అలా అయిందా, మన వాళ్ళు సరదాకి రాసుకుంటున్నారా అన్నది మాత్రం తేలేది కాదు.

ఆఫ్రికా వాళ్ళ సంగతొక్కటే ఇన్నేళ్ళూ మారలేదు. నల్ల బనియను, చేతిలో తుపాకీ, హీరో కాలితో ఒక్క తన్ను.

నేను చెప్పబోయే మనిషి ఆ తన్నులు తిన్నవాడే. సూడాన్ దేశస్థుడు. ఇక్కడ ఫార్మసీలో పీహెచ్‌డీ చేస్తూ టోలీచౌకిలో ముగ్గురు స్నేహితులతో కలిసి కిరాయికి ఉండేవాడు. ముప్పయ్యేళ్ళుంటాయి. బాగా పొడగరి, మాట మెత్తన. హైదరాబాదీ ఉర్దూ మాట్లాడేవాడు, మధ్యమధ్యలో నా కోసం తెలుగు ముక్కలు కలిపేవాడు. నా దగ్గర నాలుగు సినిమాలు చేశాడు, మూడింట్లో చచ్చిపోయాడు. ఫోన్ చేస్తే ముందుగా ఒకటే మాట అడిగేవాడు.

"ఆంటీ, ఈసారి కూడా చావాలా?"

అతని దేశంలో యుద్ధం మొదలయ్యాక అలా అడగడం మానేశాడు. వాళ్ళమ్మా చెల్లెళ్ళూ సరిహద్దు దాటి కైరో చేరారు. వాళ్ళ ఇల్లు నిలిచి ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు. ఒకరోజు ఫోన్లో అన్నాడు, "ఆంటీ, ఇక తుపాకీ పట్టుకునే పని చెప్పకు. మా అమ్మ చూస్తే బాగుండదు." సరేనన్నాను. చాలా రోజులు పిలవలేదు.

నేను పని మానేసేముందు వచ్చిన ఆఖరి పెద్ద పిలుపు ఒక ప్రపంచ సభ. జూబ్లీహిల్స్ ఆఫీసులో కో-డైరెక్టర్ నా చేతిలో జాబితా పెట్టాడు. ఆయనది సిద్దిపేట వైపు, నాకు పదిహేనేళ్ళ పరిచయం.

"అక్కా, గీ లిస్టు సూడు. నలభై దేశాలు. అందరు కూసోని ఉంటరు. హీరో వచ్చి స్పీచ్ ఇస్తడు, ఖతం గాంగనే నలభై దేశాలు లేచి చప్పట్లు గొట్టాలె. గంతే."

"తుపాకులు ఉండవా?"

"ఒక్కటి గూడ లేదు. మొత్తం కోట్లు, టైలు. ఇజ్జత్ సీను అక్కా."

జాబితాలో సూడాన్ ఉంది. నేను వెంటనే అతనికి ఫోన్ చేశాను. "నాన్నా, ఈసారి చావక్కర్లేదు. నీ దేశం పేరున్న బోర్డు వెనక నిన్ను కూర్చోబెడతాను. మాట ఇస్తున్నాను" అన్నాను. "కోటు వద్దు ఆంటీ, మా బట్టలు వేసుకుంటాను" అన్నాడు. కాస్ట్యూమ్స్ వాళ్ళు సరేనన్నారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఒక మాట చెప్పాలి. మన చేతిలో లేనిదాని మీద మాట ఇవ్వకండి. నేను ఇచ్చాను. పైగా ఇచ్చినందుకు గర్వపడ్డాను.

షూటింగ్ రోజు ఉదయం ఏడింటికి ఫిల్మ్‌నగర్‌లో స్టూడియో ఫ్లోర్ తలుపులు తెరిచారు. లోపల గుండ్రంగా బల్లలు, ఒక్కో బల్ల మీద జెండా, దేశం పేరు రాసిన బోర్డు. అతను తెల్లటి పొడుగు జుబ్బా వేసుకుని, తలకు పెద్ద తెల్ల తలపాగా చుట్టుకుని వచ్చాడు. ఆ బట్టలు వాళ్ళ నాన్న కుట్టించి ఇచ్చినవట. నాన్న పోయి అయిదేళ్ళయింది. మూడో వరుసలో తన దేశం బోర్డు వెనక కూర్చుని, దాన్ని రెండు చేతులతో సరిగ్గా తన ముందుకు జరుపుకున్నాడు. ఫోటో తీసి వాళ్ళమ్మకు పంపాడు.

మిగతావాళ్ళ విషయంలో నిజం అడక్కండి. అమెరికా బల్ల దగ్గర యోగా నేర్చుకోవడానికి వచ్చిన పోలెండ్ కుర్రాడు, రష్యా దగ్గర ఫ్రాన్సు ఆవిడ. చైనా దగ్గర మన మిజోరం అబ్బాయి. నలభై దేశాల్లో తన సొంత దేశం వెనక కూర్చున్నవాడు ఆ ఒక్కడే.

తొమ్మిదింటికి డైరెక్టరు వచ్చి ముందు వరుసలో మధ్యన అమెరికాను పెట్టించాడు. పదింటికి ఓవర్సీస్ మేనేజర్ వచ్చాడు. బంజారా హిల్స్ ఆఫీసులో కూర్చుని మన సినిమాలను బయటి దేశాలకు అమ్మే మనిషి. చేతిలో ట్యాబ్ పట్టుకుని సెట్టంతా ఒకసారి చుట్టి చూశాడు.

"సార్, జపాన్ వెనక ఉందేంటి? మనకి అక్కడ మార్కెట్ బిల్డ్ అవుతోంది. ముందుకు తేవాలి. చైనా రిలీజ్ కూడా డిస్కషన్‌లో ఉంది, వాళ్ళనలా మూలన పెడితే సెన్సిటివ్ అవుతుంది."

"మరి ఎవర్ని వెనక్కి పంపను?" అన్నాడు డైరెక్టరు.

"ఇంగ్లండ్‌ని పంపేయండి. వాళ్ళేం అనుకోరు."

జర్మన్ ఆయన చేతికి కొరడా ఇచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది. ఇంగ్లండు ఆయన, అంటే బెల్జియం నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరు, నీళ్ళ సీసా పట్టుకుని నాలుగో వరుసకు నడిచిపోయాడు. తర్వాత గల్ఫ్ దేశాలు ముందుకొచ్చాయి. అమెరికాను పక్కకు జరిపారు, మళ్ళీ మన సినిమాలు ఎక్కువ ఆడేది అక్కడేనని మధ్యకు తెచ్చారు. నేను కాగితం మీద కొట్టేస్తూ, రాస్తూ, ఎవరు ఎక్కడున్నారో తెలియని స్థితికి వచ్చాను. ఎందుకు మారుస్తున్నారో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. కో-డైరెక్టరు మాత్రం, "నాక్కూడ సమజైతలేదక్కా, నువ్వైతే కూసోబెట్టు" అన్నాడు. ఇంత గందరగోళంలోనూ మూడో వరుస జోలికి ఎవరూ రాలేదు. ఆ వరుసతో ఎవరికీ పని లేదు.

పదకొండింటికి వెనక నుంచి షాట్లు తీశారు. వాటిలో అందరి వీపులూ తలలూ పడ్డాయి. తెల్ల తలపాగా స్పష్టంగా పడింది. తర్వాత భోజనాలకు వదిలారు.

భోజనం అవుతుండగా సినిమాను ఆన్‌లైన్లో చూపించే హక్కులు కొన్న కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ళ లాయర్లు నిజమైన దేశాల పేర్లు గానీ జెండాలు గానీ ఒక్కటి కూడా కనిపించకూడదన్నారట. ఎవరు ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక దేశంలో గొడవ వస్తుందట. డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు అక్కడే కూర్చుని, పెరుగన్నం తింటూ, నలభై కొత్త దేశాలను పుట్టించారు. బార్లోవియా, కెస్టన్, లూరిక్. అరగంటలో కొత్త బోర్డులూ జెండాలూ ప్రింటయి వచ్చాయి.

వాళ్ళ దగ్గర మనుషులు చాలక మూడో వరుస బోర్డులు నన్ను మార్చమన్నారు. నేను మార్చాను. సూడాన్ తీసేసి, చేతికి వచ్చిన బోర్డు పెట్టాను. దాని మీద 'జుంబారా' అని ఉంది.

అతను భోజనం నుంచి వచ్చి చదివాడు.

"ఆంటీ, ఇది ఏ దేశం?"

"లేదు నాన్నా. ఉత్తదే. అందరివీ మార్చారు చూడు."

"మాది ఎక్కడ పెట్టారు?"

ఎక్కడ పెట్టానో నాకే గుర్తులేదు. తీసిన బోర్డులన్నీ ఎవరో అట్టపెట్టెలో వేసుకుపోయారు. ఆ మాటే చెప్పాను. అతను కూర్చోలేదు. గొడవా చేయలేదు. "నేను వెళ్తాను ఆంటీ. దీని వెనక కూర్చున్నట్టు మా అమ్మకు చెప్పలేను" అని, బల్ల పక్కన నిలబడ్డాడు.

మిగతా ముప్పై తొమ్మిది మంది హాయిగా కూర్చున్నారు. వాళ్ళు పొద్దున కూర్చున్నవీ వాళ్ళ దేశాలు కాదు, ఇప్పుడు కూర్చున్నవీ కాదు. మిజోరం అబ్బాయి ఇప్పుడు లూరిక్. వాడైతే ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు.

కో-డైరెక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, ఆయన పోతె ఎట్ల? పొద్దుగాల షాట్ల తలపాగ పడ్డది. గాడ ఖాళీ గనిపిస్తే కంటిన్యుటీ పోతది. ఒక పని జెయ్యి. ఆయన బట్టలు అడిగి తీస్కో. దర్వాజ కాడ సెక్యూరిటీ ఏషం ఏసిన నైజీరియా పిల్లగాడు గంతే పొడుగున్నడు. ఆయనకు తొడిగిద్దాం."

"అవి వాళ్ళ నాన్న బట్టలు."

"గంట సేపే కదక్కా. హీరో క్యారవాన్ల రెడీగున్నడు."

ఇక్కడ నేను ఆలోచించానని రాసుకోవాలని ఉంది. ఆలోచించలేదు. హీరో వచ్చే టైముకు సెట్టు సిద్ధంగా ఉండాలన్న భయం తప్ప ఇరవై ఎనిమిదేళ్ళలో నాకు ఇంకో భయం అలవాటు కాలేదు. తిన్నగా వెళ్ళి అడిగాను.

"వెళ్ళాలంటే వెళ్ళు నాన్నా, నేనేం అనను. ఆ బట్టలు మాత్రం ఒక గంట ఇవ్వగలవా?"

అతను తన చేతుల వైపు, జుబ్బా తెల్లటి పొడుగు చేతుల వైపు చూసుకున్నాడు.

"బోర్డు తీసేశారు. బట్టలు కూడానా ఆంటీ?"

అతనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జుంబారా బోర్డును ముట్టుకోలేదు, అది వంకరగానే ఉండిపోయింది. కో-డైరెక్టరు దూరం నుంచి నాకు బొటనవేలు చూపించాడు. పని సాధించానని ఆయన సంతోషం.

రిహార్సల్ చేశారు. కో-డైరెక్టరు చెయ్యి కిందికి దింపగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అతనూ లేచాడు. నేను గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

హీరో వచ్చాడు. నాలుగు నిమిషాల ఉపన్యాసం ఆగకుండా ఒకే టేకులో చెప్పాడు. కో-డైరెక్టరు చెయ్యి దిగింది. బార్లోవియా లేచింది, కెస్టన్ లేచింది, లూరిక్ లేచి ఈల కూడా వేసింది. ఫ్లోరంతా చప్పట్లు. మూడో వరుసలో తెల్ల తలపాగా మాత్రం కదల్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"ఓకే!" అని అరిచాడు డైరెక్టరు. ఆయన ఇంకా చూడలేదు. మోనిటర్లో మళ్ళీ వేసుకున్నప్పుడు చూశాడు.

"మూడో వరుసలో ఎవరమ్మా అది?"

"నా మనిషేనండి" అన్నాను.

ఓవర్సీస్ మేనేజర్ మోనిటర్ మీదికి వంగాడు. "ఏ కంట్రీ అది? ఇష్యూ అవుతుందా?"

కో-డైరెక్టరు బోర్డు చదివాడు. "జుంబారా సార్. లేని దేశం."

"ఓ. అయితే నో ప్రాబ్లం."

డైరెక్టరు కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "బావుందయ్యా. అందరూ లేస్తే సినిమాలా ఉంది, ఒకడు కూర్చుంటే నిజంలా ఉంది. ఉంచేద్దాం. అమ్మా, ఆయన్ని అడగండి, ఇప్పుడు క్లోజప్ పెడతాను. హీరో మాటలకు కరిగిపోయి, ఆఖర్న మెల్లగా లేవాలి. కళ్ళల్లో నీళ్ళుంటే ఇంకా మంచిది."

మూడో వరుసలో మనిషికి క్లోజప్! నేను తెచ్చినవాళ్ళలో ఎవరికీ దక్కని అదృష్టం. గబగబా వెళ్ళి చెప్పాను. అతను విని, నన్ను అడిగాడు.

"హీరో ఏం చెప్పాడు ఆంటీ? నాకు అంత తెలుగు రాదు. ఏం చెప్పాడో చెప్పు. అర్థమైతే లేస్తాను."

చెప్పబోయాను. రిహార్సల్లో అసిస్టెంట్లు చదువుతుంటే విన్నాను, టేకులో హీరో చెబుతుంటే విన్నాను. ప్రపంచం అన్న మాట ఉంది. మట్టి అన్న మాట ఉంది. ఎవరో ఎవరికో తల వంచకూడదని ఉంది. అవన్నీ కలిపి ఏం చెప్పాడో నాకు అందలేదు. వెనక్కి తిరిగి కో-డైరెక్టర్ని అడిగాను.

"గదే అక్కా… ప్రపంచం, మనం, గట్ల. జనం గూస్‌బంప్స్ అంటరు సూడు."

ఇటు తిరిగి నాకు తోచింది చెప్పాను. "దేశాలన్నీ సమానమే, ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు అన్నాడు నాన్నా."

అతను నా మొహం చూశాడు. ముందున్న బోర్డు చూశాడు. నవ్వాడు. ఆ రోజంతటిలో అతను నవ్వింది అప్పుడే. వెటకారంగా నవ్వి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఏదో పిల్ల చెప్పిన కథ విన్నట్టు, మంచిగా నవ్వాడు. లేవలేదు.

డైరెక్టరు రెండు నిమిషాలు చూసి, "వదిలేయండమ్మా, ఉన్నది చాలు" అన్నాడు. హీరో వెళ్ళిపోయాడు. ప్యాకప్ చెప్పారు. నేను తీసేసిన బోర్డుల పెట్టె కోసం ఆర్ట్ వాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి దాన్ని లారీ ఎక్కించేశారు. తిరిగి వచ్చేసరికి అతను కూడా వెళ్ళిపోయాడు.

సినిమా విడుదలైన రోజు పొద్దున్నే థియేటర్‌కి వెళ్ళాను. అంతకుముందు నేను పనిచేసిన సినిమాల్లో సగం చూడలేదు. ఈసారి రెండు పనులు పెట్టుకుని వెళ్ళాను. ఆ ఉపన్యాసం శ్రద్ధగా వినాలి, అతను ఉన్నాడో లేదో చూడాలి. హీరో సభలో అడుగు పెట్టగానే జనం ఈలలు, కేకలు, కాగితాలు. ఒక్క మాట వినపడలేదు. చివరికి ముందు వరుసల వాళ్ళంతా లేచి నిలబడ్డారు. నాకు తెర కనపడలేదు.

బయటికి వచ్చేసరికి అతని ఫోన్. "ఆంటీ, ఉన్నానా?"

"ఉన్నావు నాన్నా" అన్నాను. మరి ఏమనను?

తర్వాత మనవరాలు ఇంట్లో ఆన్‌లైన్లో పెట్టి, ఆపి చూపించింది. ఉన్నాడు. రెండు సెకన్లు. మిగతావాళ్ళు లేస్తుంటే ఆ తలపాగా వాళ్ళ మధ్య అలా నిలిచి కనిపిస్తుంది. ముందున్న బోర్డు మీద పేరు మసక. అప్పటికే వాళ్ళమ్మ కైరోలో చూసిందట. అందరూ లేచినప్పుడు పెద్దమనిషిలా కూర్చున్నావేమిటి, ఇలాగా నేను నిన్ను పెంచింది అని కోప్పడిందట. అది చెబుతూ అతను నవ్వుతుంటే నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

ఆ తర్వాత నేను పని మానేశాను. మోకాళ్ళు కారణమని అందరికీ చెప్పాను, అది కూడా నిజమే. వెంగళరావు నగర్‌లో కూతురి ఇంటికి మారాను. అతని చదువు పూర్తయింది, ఒమన్‌లో మందుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. క్రిస్మస్‌కి తప్పకుండా ఫోన్ చేస్తాడు. ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అందరూ లేచినా లేవని మనిషి కథగా చెప్పాను, విన్నవాళ్ళు భలే అన్నారు. బట్టలు అడిగిన ముక్క మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకే రాస్తున్నాను.

పోయిన క్రిస్మస్‌కి ఫోన్ చేసినప్పుడు ధైర్యం చేసి అన్నాను. "నాన్నా, ఆ రోజు నీ బట్టలు ఇంకొకరికి ఇవ్వమన్నాను. తప్పు చేశాను."

"ఏ రోజు ఆంటీ?" అన్నాడు.

"ఆ ప్రపంచ సభ రోజు. మీ నాన్న బట్టలు…"

"అలా అడిగావా? నాకు గుర్తులేదే" అని, నా మోకాళ్ళ నొప్పులకు ఏ మాత్రలు వాడుతున్నానో అడిగాడు. పేర్లు చదివి వినిపించాను. ఒకటి మానేయమన్నాడు, ఇంకొకటి అన్నం తిన్నాక వేసుకోమన్నాడు. నేను రాసుకున్నాను. నిజంగా మర్చిపోయాడా, నన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక అలా అన్నాడా? మళ్ళీ అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు.